కదిలే గట్టు మీద కట్టడం: ఆంధ్ర తీరంలో సుస్థిర నిర్మాణం - ఒక సమీక్ష

సుస్థిర నిర్మాణం అనే మాటకు సాధారణంగా చెప్పుకునే అర్థం ఒకటుంది: తక్కువ ఇంధనంతో, తక్కువ నీటితో, తక్కువ కాలుష్యంతో కట్టి, చాలాకాలం వాడుకోగలిగిన భవనం. ఈ అర్థం హైదరాబాదుకో కర్నూలుకో సరిపోతుంది గాని సముద్రపు గట్టుకు చాలదు. తీరంలో భవనం కింది నేలే కదులుతుంది, చుట్టూ ఉన్న గాలి ఉప్పును మోసుకొస్తుంది, పక్కనున్న ఇసుక దిబ్బ, మడ అడవి, ఉప్పుటేరు ఆ భవనం కంటే ముందు నుంచీ అక్కడ ఒక పని చేస్తూ ఉంటాయి. అందువల్ల తీర నిర్మాణంపై గత యాభై ఏళ్లలో వచ్చిన ఇంజనీరింగు ప్రమాణాలను, చట్టాలను, స్థానిక గృహ సంప్రదాయాలను కలిపి చూసినప్పుడు, ఎలా కట్టాలన్న ప్రశ్న కంటే ఎక్కడ కట్టాలి, ఎక్కడ కట్టకూడదు, ఎవరికోసం కట్టాలి అన్న ప్రశ్నలే ముందు తేలవలసినవని స్పష్టమవుతుంది. మన దగ్గర చర్చ చాలావరకు సిమెంటు, ఉక్కు, సౌరఫలకాల దగ్గరే ఆగిపోతున్నది. స్థలం సంగతి రిజిస్ట్రేషను నాటికే తేలిపోయినట్టు అందరూ భావిస్తున్నారు.

ఇచ్ఛాపురం నుంచి తడ వరకు సాగే ఆంధ్రప్రదేశ్ తీరం పొడవు పాత లెక్కల్లో 974 కిలోమీటర్లు. మరింత సూక్ష్మంగా కొలిచిన ఇటీవలి లెక్కల్లో అది 1,050 కిలోమీటర్లు దాటింది. ఈ గీత పొడవునా నేల ఒకే తీరుగా లేదు. శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా తూర్పు కనుమల కొసలు సముద్రానికి దగ్గరగా వచ్చి, కొండకూ కొండకూ నడుమ చిన్న చిన్న ఇసుక మేటలు ఏర్పడ్డాయి. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు ఈ భాగంలోనివే. మధ్య భాగమంతా గోదావరి, కృష్ణ నదులు వేల ఏళ్లపాటు తెచ్చి పోసిన ఒండ్రు. ఇక్కడ నేల సముద్రమట్టానికి ఎత్తు తక్కువ, వాలు మరీ తక్కువ, అందుకే ఉప్పెన, అంటే తుఫాను తోసుకొచ్చే సముద్రపు నీరు, మైళ్ల కొద్దీ లోపలికి నడిచి వస్తుంది. దక్షిణాన నెల్లూరు వైపు ఇసుక తిన్నెలు, పులికాట్ వంటి ఉప్పునీటి సరస్సులు ఉన్నాయి. రాతి గుట్ట పక్కన నిలిచే పునాది డెల్టా బురదలో దిగబడుతుంది. డెల్టాలో అవసరమైన స్తంభాల ఇల్లు భీమిలి కొండవాలు మీద దండగ ఖర్చు. ఒకే నమూనా ఇంటిని తీరమంతటా కట్టించే ప్రభుత్వ పథకాల మొదటి లోపం ఇక్కడే ఉంది.

తీరరేఖ కదలడానికి కారణం ఇసుక జమాఖర్చు. నదులు తెచ్చే ఒండ్రు జమ, అలలు, ప్రవాహాలు కోసుకుపోయేది ఖర్చు. నైరుతి రుతుపవన కాలంలో అలలు మన తీరం వెంబడి ఇసుకను ఉత్తరానికి జరుపుతాయి, ఈశాన్య కాలంలో దక్షిణానికి. ఏడాది మొత్తం మీద చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. ఈ ప్రయాణానికి అడ్డంగా ఓడరేవు గోడ వస్తే దక్షిణాన ఇసుక పేరుకుంటుంది, ఉత్తరాన కోత పడుతుంది. విశాఖలో ఔటర్ హార్బర్ వచ్చాక రామకృష్ణా బీచ్‌కు ఏటా డ్రెడ్జర్లతో ఇసుక తోడి పోయవలసి రావడానికి మూలం ఇదే. డెల్టాలలో కథ మరో రకం: 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట, ఆ తరువాతి శతాబ్దంలో నాగార్జునసాగర్, శ్రీశైలం, ఎగువ రాష్ట్రాల జలాశయాలు అన్నం పెట్టాయన్నది ఎంత నిజమో, సముద్రానికి చేరవలసిన ఒండ్రును ఆపాయన్నదీ అంతే నిజం. కొత్త ఒండ్రు రాని డెల్టా తన బరువుకు తానే కుంగుతుంది, అంచుల్లో కరుగుతుంది. 1990 నుంచి 2018 వరకు ఉపగ్రహ చిత్రాలను పోల్చి చూసిన జాతీయ తీర పరిశోధన కేంద్రం, దేశ తీరంలో 33.6 శాతం కోతకు గురవుతున్నదని తేల్చింది.

కాకినాడకు ఉత్తరాన ఉన్న ఉప్పాడ ఈ శాస్త్రాన్నంతా ఒక్క ఊరిలో చూపిస్తుంది. కాకినాడ అఖాతానికి రక్షణగా హోప్ ఐలాండ్ అనే ఇసుక నాలుక గోదావరి ఒండ్రుతో గత రెండు శతాబ్దాల్లో ఉత్తరానికి పెరుగుతూ వచ్చింది. రేవుకు అది మేలు చేసింది గాని, దాని కొసకు ఎదురుగా ఉన్న ఉప్పాడ, సుబ్బంపేట, కోనపాపపేటల వైపు ఇసుక చేరడం తగ్గి, అలల దెబ్బ పెరిగింది. ఊళ్లో వీధులు, గుళ్లు, బడులు, కొబ్బరితోటలు ఒకదాని తరువాత ఒకటి నీటిలో కలిశాయి; ఒకప్పుడు మూడో వీధిలో ఉన్న ఇల్లు ఇప్పుడు మొదటి వరుసకు వచ్చింది. కాకినాడ-ఉప్పాడ బీచ్ రోడ్డు తుఫాను వచ్చినప్పుడల్లా తెగుతున్నది. రాళ్లు పోశారు, ఇసుక నింపిన భారీ సంచుల వంటి జియోట్యూబులతో గోడ కట్టారు. అదీ కొన్నేళ్లకే చిరిగి కుంగిపోయింది.

గోడలు ఇలా ఓడిపోవడం మేస్త్రీ పనితనంలోని లోపం మాత్రమే కాదు. మెత్తని ఇసుక మేట మీదికి వచ్చిన అల పరుచుకుని, బలం కోల్పోయి, వెనక్కి జారుతుంది. నిటారు గోడకు తగిలిన అల బలమంతా కిందికి తిరిగి గోడ పాదాన్నే తవ్వుతుంది. గోడ ముందున్న ఇసుక పోతుంది, గోడ చివరలు దాటాక పక్క ఊరికి కోత మొదలవుతుంది. అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం ఈ సంగతి గమనించి, తీరంలో గట్టి గోడలను నిషేధించి, ఇల్లు కట్టే దూరాన్ని కోత వేగంతో ముడిపెట్టింది: ఏటా తీరం ఎన్ని అడుగులు కోసుకుపోతున్నదో లెక్కకట్టి, చిన్న ఇంటికి దానికి 30 రెట్లు, పెద్ద భవనానికి ఇంకా ఎక్కువ రెట్లు వెనక్కి జరిగి కట్టాలన్నది అక్కడి నియమం. అయినా ఆ నియమం రాకముందు కట్టినవీ, గట్టు వాటి దాకా వచ్చినవీ అయిన ఇళ్లు రొడాంతె అనే ఊళ్లో ఇటీవలి ఏళ్లలో ఒక్కొక్కటిగా సముద్రంలో కూలుతున్నాయి. భవనం ఆయుష్షునూ తీరం వేగాన్నీ ఒకే లెక్కలో పెట్టిన ఆ ఆలోచన మన దేశపు నిబంధనల్లో ఇంతవరకు చోటు చేసుకోలేదు.

మన చట్టం మరో దారిలో నడిచింది. పోటు గీత నుంచి 500 మీటర్ల లోపు నిర్మాణాలు వద్దని 1981లో ప్రధాని ఇందిరా గాంధీ తీర రాష్ట్రాల ముఖ్యమంత్రులకు రాసిన లేఖతో మొదలైన ఆలోచన, పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1991 ఫిబ్రవరి 19న తీర నియంత్రణ మండలం ప్రకటనగా రూపం దాల్చింది. వాడుకలో అందరూ దాన్ని సీఆర్‌జెడ్ అంటారు. పోటు గీత అంటే అమావాస్య, పౌర్ణముల నాటి పెద్దపోటు నేల మీద ఎంతవరకు వస్తుందో ఆ గీత. మడ అడవులు, దిబ్బలు, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు మొదటి తరగతిలో, పట్టణాలు రెండో తరగతిలో, పల్లె తీరాలు మూడో తరగతిలో, దీవులు నాలుగో తరగతిలో చేరాయి. పల్లె తీరంలో 200 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలు ఉండకూడదన్నది అప్పటి నియమం. 2011లో ఈ ప్రకటనను తిరగరాశారు; 2019 జనవరి 18న వచ్చిన మూడో ప్రకటన, 2011 జనాభా లెక్కల ప్రకారం చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించిన జనసాంద్రత ఉన్న పల్లెల్లో ఆ దూరాన్ని 50 మీటర్లకు కుదించింది. జనం కిక్కిరిసి ఉన్నచోట నిషేధం సడలించడంలో పాలనాపరమైన సౌకర్యం ఉండవచ్చు గాని, అలకు జనసాంద్రత తెలియదు; ఎక్కువ మంది ఉన్నచోటే తక్కువ దూరం సరిపోతుందనే తర్కం తీర శాస్త్రంలో ఎక్కడా నిలవదు.

నియమాన్ని ఉల్లంఘించి కట్టిన భవనం ఎంత ఆకుపచ్చగా ఉన్నా అది సుస్థిరం కాదని మరడు ఉదంతం చాటింది. కొచ్చి సమీపంలో ఉప్పుటేరు ఒడ్డున కట్టిన నాలుగు అపార్టుమెంటు సముదాయాలను కూల్చివేయాలని 2019 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2020 జనవరి 11, 12 తేదీల్లో పేలుడు పదార్థాలతో వాటిని నేలమట్టం చేశారు. ఆ గోడల్లో ఇమిడిన సిమెంటు, ఉక్కు, ఇసుక, విద్యుత్తు అన్నీ కలిసి శిథిలాల గుట్టగా మిగిలాయి. స్థలం ఎంపికలో చేసిన తప్పును పదార్థాల ఎంపికతో దిద్దుకోలేమని చెప్పడానికి ఇంతకు మించిన నిదర్శనం మన దేశంలో లేదు.

ఇక్కడే ఒక న్యాయం కూడా గుర్తుంచుకోవాలి. జాలరికి సముద్రం పక్కన ఉండటం విలాసం కాదు, వృత్తి. తెల్లవారుజామున గాలి వాటం, నీటి రంగు చూసి పడవ దించాలా వద్దా తేల్చుకునేవాడు అయిదు కిలోమీటర్ల అవతలి కాలనీలో బతకలేడు. వల, ఇంజను, పడవ కళ్లముందు ఉండాలి, చేపలు ఆరబెట్టుకోవడానికి ఆడవాళ్లకు ఇసుక మేట కావాలి. 2004 డిసెంబరు సునామీ తరువాత తమిళనాడులో లోపలికి తరలించి కట్టిన పునరావాస కాలనీలలో ఈ ఇబ్బందే పదే పదే బయటపడింది. పెద్ద చెట్లు కొట్టివేసి వరుసలు తీర్చిన కాంక్రీటు ఇళ్లలో నీడా లేదు, వృత్తికి చోటూ లేదు. కాబట్టి తీరంలో స్థలం తక్కువగా ఉన్నప్పుడు దాని మీద మొదటి హక్కు మత్స్యకారుల నివాసాలకు ఉండాలి. రిసార్టుకు సముద్రం కనిపిస్తే చాలు, ఆనుకుని ఉండనక్కర్లేదు. ఇళ్ల విషయంలో చట్టం మత్స్యకారులకు ఇచ్చిన మినహాయింపు వారి పేరు మీద ఇతరులకు దారి కావడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

స్థలం తేలాక గాలి సంగతి వస్తుంది. గాలి భారాలను నిర్దేశించే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం విశాఖకు లెక్కలోకి తీసుకోవలసిన మూల వేగాన్ని సెకనుకు 50 మీటర్లుగా, అంటే గంటకు 180 కిలోమీటర్లుగా నిర్ణయించింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నగరం మీదుగా తీరం దాటినప్పుడు గాలులు దాదాపు ఆ స్థాయికి చేరాయి. విమానాశ్రయం పైకప్పు, అద్దాలు తట్టుకోలేకపోయాయి. గాలి ఒత్తిడి వేగపు వర్గంతో పెరుగుతుంది కనుక వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. సెకనుకు 50 మీటర్ల గాలి ఒక చదరపు మీటరు మీద సుమారు 150 కిలోల బలం చూపుతుంది. నాలుగు మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడవు ఉన్న గది మీది రేకుల కప్పును అది మూడు టన్నుల బలంతో పైకి లాగగలదు. రేకు బరువు ఆ బలం ముందు లెక్కలోకి రాదు. అరడుగు మందం కూడా లేని కాంక్రీటు శ్లాబు మాత్రం చదరపు మీటరుకు రెండున్నర, మూడు వందల కిలోలు తూగుతుంది కాబట్టి లేవదు. తీరంలో జనానికి శ్లాబు ఇంటి మీదున్న మోజు వెనుక ఈ అనుభవం ఉంది. దాన్ని అజ్ఞానమని కొట్టివేసే పర్యావరణవాదం ఎవరినీ ఒప్పించలేదు.

శ్లాబు రాకముందు ఈ తీరం తనదైన జవాబు ఒకటి కనుక్కుంది. ఉత్తరాంధ్ర పల్లెల్లోనూ కృష్ణా తీరంలోనూ కనిపించే చుట్టిల్లు అది. నేలను మెరక చేసి, తొక్కి పదును చేసిన మట్టి ముద్దలను వలయంగా పేర్చి, ఒక వరుస ఆరాక మరో వరుస వేస్తూ మందమైన గోడ లేపుతారు. దాని మీద తాటి దూలాలు, వెదురు వాసాలు నిలిపి శంఖువు ఆకారంలో తాటాకు కప్పు వేస్తారు. చూరు ఎంత కిందికి దిగుతుందంటే మనిషి వంగి లోపలికి వెళ్లాలి. గుండ్రని గోడకు మూల ఉండదు, మూల లేనిచోట గాలికి పట్టు దొరకదు. ఏటవాలు కప్పు మీదుగా గాలి ఎక్కి దాటిపోతుంది. దిగిన చూరు గోడను ఎండ నుంచీ జడివాన నుంచీ కాస్తుంది. నేటి తుఫాను మార్గదర్శకాలు చెప్పే సూత్రాల్లో చాలా భాగం, అంటే పొడవు వెడల్పులు దగ్గరగా ఉండటం, కప్పు నాలుగు వైపులా వాలుగా ఉండటం, ఎత్తు తక్కువగా ఉండటం, తెరుపులు పరిమితంగా ఉండటం, చుట్టింటిలో ఎప్పటి నుంచో ఉన్నాయి.

అయితే చుట్టింటిని పొగిడి వదిలేయడం కూడా సరికాదు. అది గాలికి కట్టిన ఇల్లు, నీటికి కట్టిన ఇల్లు కాదు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి దాదాపు అయిదు మీటర్ల ఎత్తున ఉప్పెన వచ్చినప్పుడు మట్టిగోడలు కరిగిపోయాయి, తాటాకు కప్పులు తేలిపోయాయి. ప్రభుత్వ లెక్కల్లోనే మృతుల సంఖ్య పదివేల దరిదాపుల్లో ఉంది. కృష్ణా జిల్లా తీరగ్రామాల జ్ఞాపకాల్లో కాలం ఇప్పటికీ ఉప్పెనకు ముందు, ఉప్పెనకు తరువాత అని రెండుగా చీలి ఉంటుంది. తాటాకు కప్పు రెండు మూడేళ్లకొకసారి మార్చాలి, నిప్పుకు భయపడాలి, నేసేవాళ్లు తగ్గిపోయారు. కాబట్టి నేర్చుకోవలసింది చుట్టింటి ఆకారాన్ని, దాని వెనుక లెక్కను. దాని మట్టి పునాదిని కాదు.

ఉప్పెనకు జవాబు ఎత్తు. దివిసీమ తరువాత తీరమంతటా కట్టిన తుఫాను షెల్టర్లు కింద స్తంభాలు మాత్రమే వదిలి, పైన గది కట్టడం ద్వారా నీటిని అడ్డుకోకుండా దాటిపోనిస్తాయి; వాటిలో చాలావాటిని మామూలు రోజుల్లో బడిగా, సమావేశ మందిరంగా వాడుకునేలా రూపొందించారు. రోజూ వాడే భవనానికే తాళంచెవి దొరుకుతుంది, వెల్లా పడుతుంది. తుఫానుకు మాత్రమే తెరిచే భవనం తుఫాను నాటికి శిథిలమై ఉంటుంది. ఇళ్ల విషయంలో స్తంభాల కింద ఖాళీని తరువాత గోడలతో మూసి అద్దెకివ్వడం పరిపాటి కావడంతో ఆ ఎత్తు ప్రయోజనమే పోతున్నది. సముద్రమట్టం లెక్క కూడా ఇక్కడ కలపాలి: 1901 నుంచి 2018 వరకు ప్రపంచ సగటు సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగిందని, ఉద్గారాలు తీవ్రంగా కొనసాగితే ఈ శతాబ్దాంతానికి 63 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా పెరగవచ్చని అంతర్‌ప్రభుత్వ వాతావరణ సంఘం ఆరో నివేదిక చెప్పింది. డెల్టా కుంగుదల దీనికి అదనం. ఇవాళ కట్టే ఇంటి గచ్చు మట్టాన్ని నిన్నటి వరద గుర్తును బట్టి మాత్రమే నిర్ణయించడం ఇక సరిపోదు.

గాలీ నీరూ ఎప్పుడో ఒకసారి వస్తాయి. ఉప్పు రోజూ వస్తుంది. కాంక్రీటులో ఊచ తుప్పు పట్టకపోవడానికి కారణం సిమెంటు క్షార స్వభావం. అది ఊచ చుట్టూ కంటికి కనిపించని పలుచని రక్షణ పొరను నిలుపుతుంది. ఉప్పుగాలిలోని క్లోరైడు కాంక్రీటు సూక్ష్మరంధ్రాల గుండా నెమ్మదిగా లోపలికి చేరి, ఊచను తాకిన చోట ఆ పొరను తెంచుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. బయటి నుంచి చూసేవారికి మొదట బీము అడుగున ఊచ వెంబడి వెంట్రుకవాసి నెర్రె, తరువాత దాని పక్కన గోధుమరంగు చారిక, ఒక వర్షాకాలం గడిచాక అరచేతి మందాన పెచ్చు ఊడి మంచం మీద పడటం కనిపిస్తాయి. అప్పుడు పైపైన సిమెంటు పూసి రంగు వేస్తే క్లోరైడు లోపలే ఉండి పని కొనసాగిస్తుంది. పాడైన కాంక్రీటును ఊచ వెనుక వరకు చెక్కి, తుప్పు గీకి, కొత్తగా నింపడమే సరైన మరమ్మతు.

ఈ వ్యాధికి మందు కొత్తది కాదు, ఖరీదైనదీ కాదు. కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 తీరప్రాంతాన్ని తీవ్రమైన పరిస్థితిగా గుర్తించి కనీసం ఎం30 కాంక్రీటు, 45 మిల్లీమీటర్ల కవరు ఉండాలంటుంది. సముద్రపు తుంపర పడే చోట ఎం35, 50 మిల్లీమీటర్లు. ఆటుపోట్లు తాకే చోట ఎం40, 75 మిల్లీమీటర్లు. కవరు అంటే ఊచకూ బయటి గాలికీ నడుమ ఉండే కాంక్రీటు మందం. పల్లెల్లో చాలా ఇళ్లకు సెంట్రింగు మీద ఊచలు పరిచి, కింద కవరింగు బిళ్లలకు బదులు కంకర రాయి ముక్క పెట్టి పోత పోస్తున్నారు; మనుషులు తొక్కగానే ఊచ జారి చెక్కకు ఆనుకుంటుంది. బిళ్ల ఖరీదు కొన్ని రూపాయలు, అది లేకపోవడం వల్ల తగ్గే ఇంటి ఆయుష్షు కొన్ని దశాబ్దాలు. అలాగే నీరు-సిమెంటు నిష్పత్తి 0.45 దాటకూడదని ప్రమాణం చెబుతుంటే, పోత సులువుగా జారాలని బకెట్లతో నీళ్లు కలపడం అలవాటైంది. ఉప్పునీళ్లతో కలపడం, ఉప్పునీళ్లతోనే తడపడం, కడగని సముద్రపు ఇసుక వాడటం క్లోరైడును పుట్టుకతోనే ఇంటికి ఇవ్వడం.

పదార్థాల్లో ఆంధ్ర తీరానికి ఒక సానుకూలత ఉంది. ఉక్కు కర్మాగారపు బట్టీ చిట్టెంతో చేసే స్లాగ్ సిమెంటు, థర్మల్ కేంద్రాల బూడిదతో చేసే పొజొలానా సిమెంటు రెండూ కాంక్రీటు రంధ్రాలను సన్నబరచి క్లోరైడును నెమ్మదింపజేస్తాయి. రెండూ పరిశ్రమల వ్యర్థాన్ని ఉపయోగంలోకి తెస్తాయి. ప్రపంచ బొగ్గుపులుసు వాయు ఉద్గారాల్లో సుమారు 8 శాతానికి కారణమైన సిమెంటు పరిశ్రమ భారాన్ని కొంత తగ్గిస్తాయి. విశాఖ ఉక్కు కర్మాగారం, ఎన్టీపీసీ సింహాద్రి థర్మల్ కేంద్రం తీరానికి దగ్గరలోనే ఉన్నాయి. అయితే ఈ సిమెంట్లు బలం పుంజుకోవడానికి ఎక్కువ రోజులు తీసుకుంటాయి కాబట్టి నీళ్లు పట్టే రోజులు పెంచాలి. ఏడు రోజులకే సెంట్రింగు విప్పే కాంట్రాక్టరు చేతిలో మంచి సిమెంటు కూడా చెడ్డపేరు తెచ్చుకుంటుంది. గోడలకైతే ఊచ అవసరమే లేని పాత దారులున్నాయి: గానుగ సున్నం, తీర గ్రామాల్లో ఆల్చిప్పలు కాల్చి చేసే గుల్ల సున్నం, సున్నపు గార. కేరళలో స్థిరపడిన లారీ బేకర్ ఇటుకలను నిలువుగా పేర్చి నడుమ బోలు వదిలే రాట్-ట్రాప్ పద్ధతిని ప్రచారం చేసి గోడకు పట్టే ఇటుకల్లో సుమారు నాలుగో వంతు ఆదా చూపించారు. ఆరోవిల్లు భూనిర్మాణ సంస్థ స్వల్పంగా సిమెంటు కలిపి నొక్కిన మట్టి ఇటుకలను పాండిచ్చేరి తీరంలోనే నిలబెట్టింది. వాటికి లింటెల్ మట్టంలో కాంక్రీటు బెల్టు, తడికి ఎత్తైన రాతి పీఠం జోడిస్తే మన తీరానికీ పనికొస్తాయి.

వేడి, ఉక్క విషయంలో చెప్పవలసింది తక్కువే. మే నెలలో మచిలీపట్నంలో చెమట ఆరదు. అక్కడ ఒంటికి తగలవలసింది గాలి. ఎదురెదురు కిటికీలు, నీడ, తెల్లని పైకప్పు ఏసీ అవసరాన్ని ఎంతో తగ్గిస్తాయి. సముద్రం వైపు నిలువెత్తు అద్దం పెట్టిన అపార్టుమెంటు ఉదయం నుంచే కొలిమిగా మారుతుంది, తుఫాను నాడు అద్దమే ఆయుధమవుతుంది. ఇందులో ఒక నిజమైన వైరుధ్యం ఉంది: నీడకు చూరు బాగా ముందుకు రావాలి, గాలికి అది అడుగున్నర మించకూడదు. వసారా కప్పును ప్రధాన కప్పు నుంచి విడదీసి కట్టడం, అంటే తుఫానుకు పోతే వసారా మాత్రమే పోయేలా చూడటం దీనికి తెలివైన పరిష్కారం.

తీరంలో మంచినీరు ఉప్పునీటి మీద తేలే పలుచని పొర. గైబెన్, హెర్జ్‌బర్గ్ అనే శాస్త్రవేత్తల పేర్లతో ప్రసిద్ధమైన సూత్రం ప్రకారం బావి నీటిమట్టం సముద్రమట్టానికి ఒక మీటరు దగ్గరగా దిగితే అడుగున ఉప్పునీరు దాదాపు 40 మీటర్లు పైకి ఎక్కగలదు. ఒక రిసార్టు ఈతకొలను కోసం నడిపే బోరు పక్కనున్న పల్లె బావిని ఇలాగే ఉప్పు చేస్తుంది. ఏడాదికి 1,000 మిల్లీమీటర్ల వాన పడే చోట 100 చదరపు మీటర్ల మిద్దె మీద, పోయేది పోగా 80 వేల లీటర్లు పట్టుకోవచ్చు. ఒక కుటుంబం తాగడానికీ వండుకోవడానికీ అది ఏడాది పొడవునా చాలుతుంది. భూగర్భజలం తక్కువ లోతులోనే ఉన్న కోనసీమలో మామూలు సెప్టిక్ ట్యాంకు, దాని ఇంకుడు గుంత కట్టడం నేరుగా బావిలోకి మురుగు దించడమే అవుతుంది. అక్కడ మట్టానికి పైన కట్టే మూసిన ట్యాంకులు, మొక్కల పాదుల ద్వారా శుద్ధి చేసే పద్ధతులే తగినవి.

భవనం తన చుట్టూ ఉన్న ప్రాణులకు చేసేదీ లెక్కలోకి రావాలి. ఏటా చలికాలం చివర నుంచి వేసవి మొదటి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన ఇసుకలో గుడ్లు పెడతాయి; పిల్లలు రాత్రి పూట బయటికి వచ్చి వెలుగున్న వైపు, అంటే సహజంగా సముద్రపు మెరుపు వైపు పరుగెత్తుతాయి. బీచ్ రోడ్డు మీది తెల్లని ఎల్‌ఈడీ దీపం వాటిని చక్రాల కిందికి పిలుస్తుంది. దీపాన్ని కిందికి వంచి, పైన కప్పు పెట్టి, పసుపు-నారింజ రంగు వెలుగు వాడితే ఖర్చు పెరగదు. అలాగే ఇసుక దిబ్బను చదును చేసి పచ్చిక పరచడం తీరానికి ఉన్న పొదుపు ఖాతాను ఖాళీ చేయడమే. రావణాసురుని మీసాలని పిల్లలు ఆడుకునే ముళ్లగడ్డి, ఇసుక మీద పాకే బాలబంద తీగ, మొగలి పొదలు ఆ ఖాతాలో ఇసుక కూడబెడతాయి. 1999 నాటి ఒడిశా పెనుతుఫానులో మడ అడవి వెడల్పుగా మిగిలిన చోట్ల గ్రామాల్లో మరణాలు తగ్గాయని కేంద్రాపడా జిల్లాపై జరిగిన పరిశోధన నిరూపించింది. కోరింగ మడలు కాకినాడకు చేసేదీ అదే మేలు.

హరిత భవనాల రేటింగు విధానాలు, హైదరాబాదు కేంద్రంగా నడిచే ఐజీబీసీ కానివ్వండి, గృహ కానివ్వండి, ఇంధనం, నీరు, పదార్థాల వాడకాన్ని కొలవడంలో ఎంతో మేలు చేశాయి. అయినా వాటి కొలమానం ప్రధానంగా ప్రహరీ లోపలే ఉంటుంది. దిబ్బను తొలిచి కట్టిన భవనం సౌరఫలకాలతో, వాననీటి ట్యాంకుతో మంచి మార్కులు తెచ్చుకోగలదు. కోత గీతకు ఎంత దూరంలో ఉంది, పాతికేళ్ల తరువాత దాన్ని విప్పి తరలించవచ్చా, పాడైన భాగాన్ని ఊరి మేస్త్రీ బాగుచేయగలడా అన్న ప్రశ్నలకు తీరంలో మొదటి మార్కులు ఉండాలి. విప్పదగిన బోల్టుల కప్పు, మార్చదగిన కిటికీ రెక్క, చెక్కి నింపదగిన గోడ నిజమైన మన్నిక అని ఈ సమీక్ష అభిప్రాయం.

సర్వే ఆఫ్ ఇండియా దేశ తీరమంతటికీ ప్రమాద రేఖ గీసింది; కోత, అలలు, సముద్రమట్టం పెరుగుదల కలిపి లెక్కకట్టిన ఆ గీతను 2019 ప్రకటన విపత్తు నిర్వహణకు సలహాగా మాత్రమే ఉంచి, నిర్మాణ నియంత్రణ నుంచి తప్పించింది. ఆ గీతను తిరిగి అనుమతుల్లోకి తేవాలి. ప్రతి లేఅవుటు ప్లానులో పోటు గీతతో పాటు దాన్నీ ముద్రించడం తప్పనిసరి చేయాలి. దాని లోపల బ్యాంకు రుణం ఇచ్చే ముందు భవనం ఆయుష్షును కోత వేగంతో సరిచూడాలి. ఇవన్నీ జరిగేదాకా తీరంలో స్థలం కొనదలచినవారు దస్తావేజుల కంటే ముందు ఆ జిల్లా తీర నిర్వహణ పటాన్ని తెరిచి, తమ సర్వే నంబరు ఏ గీతకు ఏ పక్కన ఉందో చూసుకోవాలి. ఆ తరువాత ఊళ్లోని పెద్ద జాలరిని కలిసి, తన చిన్నతనంలో సముద్రం ఎక్కడ ఉండేదో చూపించమని అడగాలి.